తెల్లదుప్పటి ముందు టీచరు

దర్శిని కొత్త ఉద్యోగం ధర్మపురిలో వాళ్ల బియ్యం అంగడి వెనకగదిలోనే. మూటలు కనబడకుండా తెల్లదుప్పటి కట్టి, పావడా మీద కాలరు చొక్కా తొడుక్కుని, వియత్నాం పిల్లలకు ల్యాప్‌టాప్‌లో ఇంగ్లిషు చెప్పాలి. ముఖం నవ్వుతూనే ఉంటుంది. చేతులు మాత్రం చొక్కా అంచును నలుపుతుంటాయి. పాఠంలో ఇంటివాళ్లు కనబడకూడదని కంపెనీ షరతు. మొదటిరోజే దర్శిని నాయనమ్మ అలమేలవ్వ మురుకుల పళ్లెంతో వచ్చి, "తీస్కో పాపా, తిను," అంటూ ల్యాప్‌టాప్ తెరకు చూపించింది. ఆమె ఎవరని అవతలి పిల్ల అడిగింది. దర్శిని నవ్వు చెదరకుండా, వంటమనిషని ఇంగ్లిషులో చెప్పింది.

పాఠమయ్యాక అవ్వ దగ్గరికొచ్చింది.

"ఆ పాప నన్ను చూసి ఏమడిగింది?"

"నువ్వెవరని."

"ఏం చెప్పినావు?"

"మా అవ్వ అని చెప్పినాను."

మరునాడు పాఠానికి ముందే అవ్వ పట్టుచీర కట్టుకుని, మురుకుల పళ్లెంతో దుప్పటి పక్కన కూర్చుంది.