నూట ఎనభై తొమ్మిది పౌన్లు

డాక్టర్ ఆఫీసులో ముందు కూర్చునే అమ్మాయి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. "ఫ్యాక్స్ చేశాను మ్యామ్" అని తల ఎత్తకుండా చెప్పింది. నిజంగా చేసినవాళ్ళు మొహం చూసి చెప్తారు.

మేం అప్పుడు అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. నా కుడి మోకాలు పూర్తిగా పాడైంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుని ఎక్కేదాన్ని, మధ్యలో మెట్ల మీదే కూర్చునేదాన్ని. ఆపరేషన్ చేసే డాక్టరు ఎక్స్‌రే చూసి, "ముప్పై పౌన్లు తగ్గి రండి, అప్పుడు చేస్తాను" అన్నాడు. నడవలేని మనిషి ఎలా తగ్గాలో మాత్రం చెప్పలేదు. అది నేను మర్చిపోలేదు. చివరికి మా డాక్టరమ్మ ఆకలి తగ్గించే మందు రాసింది. దానికి ఇన్సూరెన్స్ వాళ్ళు ముందుగా ఒప్పుకోవాలి. ప్రయర్ ఆథరైజేషన్ అంటారు.

ఒప్పుకోలేదు. "మా నిబంధనలకు సరిపోలేదు" అని ఒక ఉత్తరం పంపారు. అప్పీల్ కూడా పోతే ఆరు నెలల దాకా మళ్ళీ అడగకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అంటే ఆపరేషన్ మాట కూడా అంతదాకా ఎత్తక్కర్లేదు.

ఫోన్లు మొదలుపెట్టాను. ఎవరు ఏ టైముకి ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఫ్యాక్స్ రాలేదని ఒకామె, వచ్చింది కానీ ఒక పేజీ లేదని ఒకాయన, అన్నీ ఉన్నాయి కానీ నిబంధన ప్రకారమే కాదన్నారని ఇంకొకామె. ఆ నిబంధనేమిటని అడిగితే, డాక్టర్‌నే అడగమంది.

"వీళ్ళంతా కూడబలుక్కుని నీమీద కుట్ర చేస్తున్నారంటావా?" అన్నాడు మా ఆయన.

"కూడబలుక్కోవడం దేనికి? ఎవరి పని వాళ్ళు ఎగ్గొడితే చాలు."

"నిన్ను మా ఆఫీసులో టెస్టర్‌గా పెడితే ఒక్క ప్రాజెక్టూ బయటికి పోదు."

ఆయన్ని వెంటపెట్టుకుని డాక్టర్ ఆఫీసుకి వెళ్ళి, ఇన్సూరెన్స్‌కి పంపిన కాగితాల కాపీ కావాలని కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయి ప్రింట్ తీసి ఇచ్చింది. మా ప్లాన్‌లో ఈ మందుకి బి.ఎం.ఐ., అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, కనీసం ముప్పై అయిదు ఉండాలని మొదటి పేజీలోనే ఉంది. నాది ముప్పై నాలుగు పాయింట్ ఆరు. బరువు నూట ఎనభై తొమ్మిది.

దొరికారు అనుకున్నాను.

"ఇది నా బరువు కాదు. ఎవరో తప్పు రాశారు. ఇంట్లో చూసుకుంటే నూట తొంభై నాలుగు!" అన్నాను. అక్కడ కూర్చున్న పేషెంట్లందరూ విన్నారు.

ఆ అమ్మాయి మొదటిసారి నా మొహం చూసింది. "మిషన్ చూపించిందే రాశాం మ్యామ్. ఆ రోజు మీరు చాలా సంతోషించారు కూడా."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. కార్ దగ్గర అడిగాడు.

"తూకానికి ముందు ఏం తిన్నావో గుర్తుందా?"

గుర్తొచ్చింది. శనివారం ఒంటిపొద్దు. ఆదివారమంతా మజ్జిగ. సోమవారం పొద్దున మంచినీళ్ళు కూడా లేవు. మిషన్ ఎక్కేముందు చెప్పులు, స్వెట్టర్, గాజులు, గొలుసు, జడ క్లిప్పు తీసి ఆయన చేతుల్లో పోశాను. ఈ దేశంలో ఒకసారి ఫైల్లోకి ఎక్కిన అంకె మళ్ళీ బయటికి రాదు. అది చిన్నదిగా ఉండాలనుకున్నాను.

"అప్పుడే చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్పాను. నీకు మందు కావాలా, మార్కులు కావాలా అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు."

ఆ రెండు రోజులూ నాకు బాగా గుర్తు. ఆయన నన్ను అవమానించాడని గుర్తుపెట్టుకున్నాను కానీ, ఏ మాట అన్నాడో మర్చిపోయాను.

ఆ వారమే పప్పూ అన్నం తిని, ఒంటిమీద అన్నీ ఉంచుకుని వెళ్ళి మళ్ళీ తూయించుకున్నాను. నూట తొంభై నాలుగు. డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది.

"మూడు వారాల్లో అయిదు పౌన్లు పెరిగారా? డైట్ పాటించడం లేదంటారు ఇన్సూరెన్స్ వాళ్ళు."

ఇప్పుడు అనుమానం నామీదికి తిరిగింది. చెప్పక తప్పలేదు. ఉపవాసం సంగతీ నగల సంగతీ చెప్పాను.

"రక్తపరీక్షకి తినకుండా వస్తారు. తూకానికి ఎందుకు?"

"మీరు తిడతారని."

"నేనెప్పుడు తిట్టాను?"

"మొదటిసారి వచ్చినప్పుడు. అన్నం మానలేరా అని అడిగి పెదవి విరిచారు."

ఆమె రాయడం ఆపేసింది. "సారీ, నాకు గుర్తులేదు" అంది. గుర్తుండదని నాకు తెలుసు.

అప్పీల్ ఉత్తరంలో రెండు తూకాలూ పెట్టింది. తన గురించి ఏమనుకుంటారోనన్న భయంతో పేషెంట్ ఉపవాసం ఉండి, నగలు తీసి తూయించుకుందని రాసింది. భయం అన్న మాట తీసేసి మా ఆచారం అని రాయమన్నాను.

"అలా రాస్తే అబద్ధం. మీరే చెప్పారు కదా."

ముక్కూ మొహం తెలియని మనుషులు ఆ మాట చదువుతారు. ఆరు నెలలు ఆగాలన్న సంగతి గుర్తొచ్చి, ఉండనీయమన్నాను. ఫ్యాక్స్‌లో ఒక్కో పేజీ వెళ్తుంటే కౌంటర్ పక్కనే నిలబడి చూశాను. వెళ్ళినట్టు వచ్చిన స్లిప్పు నేను అడక్కుండానే ఆ అమ్మాయి చేతికిచ్చింది.

రెండో వారంలో ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "అప్రూవ్ అయింది మ్యామ్. మూడు నెలలకి. కంగ్రాచ్యులేషన్స్."

ఆ గొంతులో సంతోషం నిజమేనని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం రిఫరెన్స్ నంబరు అడిగి, రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి అదే నంబరు వాళ్ళ నోటితో చెప్పించాను. మందుల షాపుకి కూడా చేసి కనుక్కున్నాను. ఆ తర్వాతే మా ఆయనకి చెప్పాను.