కుడివైపు టికటిక

కారులో ఇండికేటర్ చప్పుడు కాస్త వేగంగా వినిపిస్తే చాలు, ఇప్పటికీ నా అరచేతులు చెమటతో తడిసిపోతాయి.

ఆ రోజు ఆత్మకూరులో మా ఆడబిడ్డ గృహప్రవేశం. ఉదయగిరి నుంచి బయలుదేరాం. నాకు లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. పక్క సీట్లో మా నాయన, వెనక సీటు నిండా ఆడబిడ్డకు పెట్టాల్సిన గిన్నెలూ అరటిగెలా. మా ఆయన సాయంత్రం అటునుంచి అటే డ్యూటీకి పోవాలని, కూతుర్ని ఎక్కించుకుని బైకు మీద వెనకాలే వస్తున్నాడు. నా భయమంతా ఆ బైకు గురించే. ఎదురుగా వచ్చే లారీలను చూడాలా, అద్దంలో వాళ్లిద్దరినీ చూడాలా?

ఊరు దాటే మలుపులో కుడి ఇండికేటర్ వేశాను. ఎప్పుడూ నింపాదిగా టిక్, టిక్ అనేది, టికటికటిక అంటూ పరుగందుకుంది. ఎడమవైపు వేసి చూస్తే మామూలుగానే ఉంది.

"నాయనా, ఇదేంది ఇంత తొందరగా కొట్టుకుంటా ఉండాది?"

మా నాయన జీవితమంతా లారీ తోలిన మనిషి. బండి విషయంలో మా ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు.

"మంచిదేలే పాపా. కొత్త బ్యాటరీ ఏసినాం గదా, జోరుగా కొడతా ఉండాది. మా లారీల్లో బ్యాటరీ దిగిపోతేనే నీరసంగా కొట్టేది" అన్నాడు సంతోషంగా.

అయినా మనసు ఊరుకోక, కారు ఆపి, కుడి ఇండికేటర్ వేసే ఉంచి దిగాను. ముందువైపు పసుపు లైటు చకచకా వెలిగి ఆరుతోంది. వెనక్కి కూడా వెళ్లబోతుంటే, "నేను చెప్తా ఉంటే ఇంకా చూసేదేంది?" అని విసుక్కున్నాడు. ఎక్కి కూర్చున్నాను.

కొంత దూరం పోయాక కుడివైపు పెట్రోలు బంకు కనబడింది. ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి, స్టీరింగ్ తిప్పాను. చెవి పక్కనే హారన్ మోగింది. మా ఆయన బైకు కుడివైపు నుంచి దూసుకొచ్చి, కారు మూతికి తగలబోయి, కంకరలో జర్రున జారుతూ వెళ్లి ఆగింది. పడలేదు. నా కూతురు తండ్రి చొక్కా పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. నాకు డోరు తీయడానికి కూడా చేతకాలేదు.

"నిదానంగా పోతా ఉంటే దారిచ్చినావనుకున్నా. ఇండికేటర్ లేకుండా ఎట్లా తిప్పినావు మే?" అని అరిచాడు మా ఆయన.

"వేసినాను!"

"ఏదీ, ఇప్పుడెయ్యి." కారు వెనక నిలబడ్డాడు. టికటికటిక. "ఈడ ఏమీ వెలగడం లేదు!"

బంకులో స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చి లైటు విప్పాడు. లోపల బల్బు నల్లగా మాడిపోయి ఉంది. ఒక బల్బు పోతే ఆ వైపు ఇండికేటర్ అట్లా కంగారుగా కొట్టుకుంటుందట. ఉదయగిరి నుంచీ కారు చెబుతూనే ఉంది, మాకే అర్థం కాలేదు.

నాయన వెనక సీట్లోని అరటిగెలను తెచ్చి ముందు సీట్లో పెట్టాడు. గిన్నెలు జరుపుకుని సరిగ్గా నా వెనక కూర్చున్నాడు. ఆత్మకూరు దాకా నేను కుడివైపు తిరిగిన ప్రతిసారీ కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి ఊపాడు. వెనకొచ్చేవాళ్లకు కనబడాలని.

ఆత్మకూరులో కొత్త బల్బు వేయించాం. సాయంత్రం తిరుగుదారిలో కుడి ఇండికేటర్ వేస్తే నింపాదిగా టిక్, టిక్ అంది. నా వెనక కిటికీ అద్దం దిగిన చప్పుడైంది.

"బల్బు మార్చినాం గదా నాయనా."

"ఉండనీలే పాపా" అని చెయ్యి బయటికి చాపాడు.