చెరువు బురదలో మగ్గం

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో శ్రమదానం పెట్టారు. మా బడి పిల్లలమూ పొరుగూరి పడుచువాళ్లూ కలిసి చెరువు పూడిక తీయాలి. తీసిన ఒండ్రుమట్టిని రైతులు బండ్లలో పొలాలకు తోలుకునేవారు. మాది నేత ఇల్లు, నాకు నూలు తెలుసుగాని బురద తెలియదు. అయినా గంప పట్టుకుని అందరికంటే ముందు దిగాను. నా ఆత్రం అలాంటిది.

తూము దగ్గర నేల ఎండి నెర్రెలు బారి ఉంది. రైతుల పిల్లలు అటు పోలేదు. ఎందుకు పోలేదో అడగాలని నాకు తోచలేదు. గట్టినేల కళ్లకు కనిపిస్తుంటే అడిగేదేముంది? ఇలా కాలు పెట్టానో లేదో ఎండిన పైపొర విరిగి తొడల దాకా దిగబడ్డాను.

ఒక కాలు లాగబోతే రెండోది ఇంకా లోపలికి పోయింది. పైన ఎండ మాడుస్తోంది, కింద చల్లటి బురద ఎవరో రెండు చేతులా పట్టుకున్నట్టు బిగిసింది. పడుచువాళ్లు తాడు అందించి గుంజారు. భుజాలు ఊడొస్తున్నాయిగాని కాళ్లు రాలేదు. వాళ్లు అలిసి వదిలినప్పుడల్లా ఇంకొంచెం దిగాను. బురద నడుము దాకా వచ్చింది. కట్ట మీద ఊరంతా కనిపిస్తోంది, నేను మాత్రం ఒక్క అడుగు వేయలేను. చచ్చిపోతాననే అనుకుని, అమ్మను పిలుస్తూ ఏడ్చాను.

అప్పుడొచ్చింది మా పక్కింటి అక్క. రైతు ఇంటి కోడలు, తీరిక దొరికితే మా ఇంట్లో మా బాపు గుంతమగ్గం మీద నేస్తుంటే చూస్తూ కూర్చునేది. గంపలు బోర్లించి, వాటి మీద పడుకుని నా దాకా పాకింది.

"గుంజకుండ్రి!" అని వాళ్లను కసిరి, నాతో "మీ బాపు మగ్గం గుంతల కాళ్లు వెట్టి ఎట్ల తొక్కుతడు బిడ్డా?" అంది.

ప్రాణం పోతుంటే ఈ మగ్గం ముచ్చటేమిటని నాకు ఒళ్లు మండింది.

"ఎనుకకు వాలు, నేను వట్టుకుంట. గిప్పుడు తొక్కు. జర మెల్లగ. చీర నేస్తున్ననుకో."

వాలాను. ఒక పాదం, తర్వాత ఇంకో పాదం, బాపు మగ్గం కింది చెక్కలు తొక్కినట్టే తొక్కాను. కాళ్ల చుట్టూ బుడబుడమని నీరు ఊరింది, పట్టు కొంచెం వదులైంది. అక్క తొందరపడలేదు, నన్ను పడనివ్వలేదు. "ఎంత నేసినవ్?" అని మధ్యమధ్య అడిగేది. పొద్దు వాలేసరికి వెల్లకిలా గంపల మీదికి వచ్చి పడ్డాను.

ఆ మగ్గం ఇప్పుడు లేదు, అక్కా లేదు. మొన్న తుంటి విరిగినప్పుడు, ఇక ఈ మంచం దిగనేమోనని నాకు మళ్లీ ఆనాటి భయమే పట్టుకుంది. దిండుకు వాలి, పాదాలు ఒకటొకటిగా మెల్లగా ఆడించడం మొదలుపెట్టాను. ఏం చేస్తున్నావని మనవరాలు అడిగింది.

చీర నేస్తున్నానన్నాను.