శివారు బోదెకు సాక్ష్యం

ముప్పై నాలుగేళ్ళు కాలువల మీద లస్కరుగా పనిచేశాను. తూము తలుపులు ఎత్తడం, దించడం, గేజి చూసి నీటి మట్టం రాయడం నా ఉద్యోగం. బడికి పోలేదు. గేజి రాయి మీది అంకెలతో మొదలుపెట్టి, పకోడీలు చుట్టిన కాగితాల దాకా దొరికిందల్లా చదివి అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక పేపర్లో చదివే ప్రతిదానికీ కోపం రావడం కూడా అలవాటైంది.

ప్రభుత్వం వారు ఊరూరా శ్రమదానం బోర్డులు కట్టిన రోజులవి. ఊరి పని ఊరే చేసుకోవాలి, కులం మతం చూడకుండా అందరూ ఒకే వరసలో నిలబడాలి అని ఆ బోర్డుల సారాంశం. మే నెలలో కాలువలకు నీళ్ళు కట్టేశాక, నా మేనకోడలు వెంకటలక్ష్మి నరసాపురం దగ్గరి తన ఊరి నుంచి మా ఎదుటి కొట్టుకు ఫోను చేసింది. ఆ ఊరి కాలువ ఒకప్పుడు చాలా ఏళ్ళు నా కిందే ఉండేది, అయినా ఊరి పేరు రాయను. వాళ్ళ గొడవలు వాళ్ళకు చాలు.

"మావయ్యా, మా చేలకు నీళ్ళొచ్చే బోదెలో పూడిక తీసేవాళ్ళు లేరు. ఎవరు తియ్యాలో తేలక ఊరంతా కొట్టుకుంటోంది. నువ్వొచ్చి పాత మామూలేంటో చెబితే వింటామంటున్నారు. కిందటేడు బోదె చివర, శివారులో ఉన్న నా ఎకరానికి చుక్క అందలేదు. ఈ ఏడూ ఇంతే అయితే కౌలుకిచ్చేసి కూలికి పోవడమే."

మర్నాడు ఉదయం అయిదున్నరకు సామర్లకోటలో పాసింజరు ఎక్కాను. రాజమండ్రి స్టేషన్లో ఇడ్లీ తిన్నాను. వంతెన మీద నుంచి చూస్తే గోదావరిలో నీటి కన్నా ఇసుకే ఎక్కువ. ఎనిమిదింటికి నిడదవోలులో దిగి, ఓ గంట కూర్చుని నరసాపురం బండి పట్టుకున్నాను. ఆ వైపు వెళ్ళేవారు నిడదవోలులోనే మంచినీళ్ళు పట్టుకోవాలి. తర్వాత దొరికేవి ఉప్పగా ఉంటాయి.

పెట్టెలో కూడా శ్రమదానం గొడవే. భీమవరం వెళ్ళే మేష్టారొకరు, "పక్కపక్కన నిలబడితేనే ఒకళ్ళనొకళ్ళు ఎరుగుతారండి" అన్నారు. ఎదురుగా ఉన్న మిల్లు గుమాస్తా ఒప్పుకోలేదు. "నీటి తీరువా దేనికి కడుతున్నామండి మరి? పన్నూ మనదే, పారా మనదేనా?" అన్నాడు. లేసు దారం మూట ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ ఇద్దర్నీ చాలాసేపు చూసి, "మీ ఊళ్ళలో పక్కపక్కన నిలబడతారో లేదో గానీ, ముందు ఈ బెంచీ మీద కాస్త జరగండి బాబూ" అంది. పెట్టె అంతా నవ్వింది. నేను మేష్టారి వైపు. మా రోజుల్లో ఊరు ఎంత కట్టుగా ఉండేదో సభలో ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

పన్నెండున్నరకు నరసాపురం. స్టేషను బయట భోజనం చేశాను. చేపల పులుసు బాగుంది, అన్నం పలుకు. అక్కడి నుంచి బస్సులో ముప్పావు గంట. వెంకటలక్ష్మి స్టాపులో నిలబడి ఉంది. మనిషి చిక్కింది.

సభ నాలుగింటికి, బడి వరండాలో. ఆ ఊరికి మూడు వీధులు. రైతులది పెద్ద వీధి, తర్వాత సాయిబుల వీధి, చివర పేట. పేటలో అందరూ చర్చికి పోయేవాళ్ళే. మండలం నుంచి వచ్చిన ఆఫీసరు కుర్రవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. ఆదివారం అందరూ కలిసి తవ్వాలి అని కాగితం చదివాడు. ఆదివారం చర్చి అన్నారు పేటవాళ్ళు. పోనీ శుక్రవారం అంటే నమాజు అన్నారు సాయిబులు. మంగళవారమైతే పెద్ద వీధివాళ్ళు పని మొదలుపెట్టరు. రోజుల గొడవ అరగంట నడిచింది. తర్వాత వరస గొడవ. ఎవరి పక్కన ఎవరు నిలబడాలి, మొదట ఎవరు, చివర ఎవరు? అది కాగితంలో లేదు.

పెద్ద వీధి నుంచి నీటి సంఘం అధ్యక్షుడు సత్తిరాజు గారు లేచారు. "ఇదంతా ఎందుకండీ? మామూలు ఉండనే ఉంది. పై ముక్క మాది, నడిమి ముక్క సాయిబులది, శివారు ముక్క పేటది. ఎవరి ముక్క వాళ్ళు తీసుకుంటే సరి. అదిగో, లస్కరు గారిని పిలిపించాం. అడగండి."

ఆఫీసరు పుస్తకం తెరిచాడు. "పెద్దాయన అవునంటే ఆ ప్రకారమే రాసేసి రేపే పని మొదలెట్టిస్తానండి. మీ ఊరికి తిరగలేక చస్తున్నాను."

అంటే ఒక్క మాటతో నా మేనకోడలి చేనుకు నీళ్ళు. లేచి, దారిలో కూర్చుకున్న మాటలే మొదలుపెట్టాను. "మా రోజుల్లో ఏ ఆఫీసరూ చెప్పనక్కర్లేకుండానే జనం వచ్చి..."

"చెప్పనక్కర్లేకుండా ఏంటండి లస్కరు గారూ?" పేట నుంచి వార్డు మెంబరు సంతోషమ్మ అందుకుంది. యాభై దాటిన మనిషి. "తెల్లారకుండా వచ్చి డబ్బా వాయించేవోరు కదండీ మీరు. మా అయ్య జొరంతో లేచెళ్ళేవోడు. ఆ పనికి ఏమిచ్చేవోరో అదీ చెప్పండి."

డబ్బా నాకు గుర్తుంది. మనుషుల ముఖాలు గుర్తు లేవు. అదేమిటో, ఏ ఏడు గేజి ఎంత ఉందో చెప్పగలను.

"గంజి" అన్నాను.

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా."

"రానోళ్ళనేం చేసేవోరండి?"

వరండా చివర వెంకటలక్ష్మి నన్నే చూస్తోంది. పై ముక్క పొడి ఇసుక, ఒక్క పూట పని. శివారు ముక్క మొలలోతు బురద, గుర్రపుడెక్క, జలగలు, నాలుగు రోజులు. ఇన్నేళ్ళూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"రానివాళ్ళను ఆ ఏడు కోతలకు పిలిచేవారు కాదు. రైతులకు వాళ్ళ పేర్లు నేనే చెప్పేవాణ్ణి" అన్నాను.

సత్తిరాజు గారి ముఖం మాడిపోయింది. "మిమ్మల్ని పిలిపించింది ఇందుకా అండీ?"

"మామూలా, కాదా? ఒక్క మాట చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

"మామూలేనండి. అది వెట్టి కూడాను."

"రెండూ ఎలా రాయమంటారండి?" అని పుస్తకం మూసేశాడు. సాయిబుల వీధి పెద్దాయన లేచి, "మరి మా నడిమి ముక్క మేం తియ్యాలా, అక్కర్లేదా?" అని అడిగాడు. జనం లేచి పోయారు.

వెంకటలక్ష్మి అన్నం పెట్టింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడిగింది.

తెల్లవారి అయిదున్నరకు చూస్తే ఇంట్లో లేదు. వెతుక్కుంటూ శివారుకు వెళ్ళాను. ఒక్కర్తే బురదలో దిగి తవ్వుతోంది. పంచె ఎగగట్టి నేనూ దిగాను. కాసేపటికి సంతోషమ్మ, పేటవాళ్ళు ఇంకో నలుగురు గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు.

"మీరు దిగరా అమ్మా?" అన్నాను.

"దిగమండి. ఈ ఒక్క ఏడూ గట్టు మీద నిలబడి చూడనివ్వండి." వెంకటలక్ష్మి వైపు తిరిగి, "నీ మీద కోపం కాదు పిల్లా" అంది.

"కోపం ఎవరి మీదైనా ఎండేది నా చేనే కదా సంతోషమ్మా."

"ఔను" అంది సంతోషమ్మ. వెళ్ళిపోలేదు, దిగనూ లేదు. పెద్ద వీధి నుంచి ఒక్క మనిషీ రాలేదు. నాకు పెద్ద వీధి మీద కోపం వచ్చింది, కాగితం పంపిన ప్రభుత్వం మీద కోపం వచ్చింది. గట్టు మీద నిలబడ్డవాళ్ళ మీద కూడా రాబోయింది. అది నిలబడలేదు. గంట తవ్వితే రెండు బారలు కదిలింది. ఇంకా ఫర్లాంగు ఉంది.

తిరుగు ప్రయాణం కోనసీమ మీదుగా పెట్టుకున్నాను. నరసాపురం రేవులో పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లిలో బస్సెక్కితే రాజమండ్రి చేరవచ్చు. వెంకటలక్ష్మి రేవు దాకా వచ్చింది. గోళ్ళలో బురద ఇంకా పోలేదు.

"నిన్న నువ్వు అవునని ఊరుకుంటే నాకు నీళ్ళొచ్చేవి మావయ్యా" అంది.

"ఇప్పుడెళ్ళి చెప్పనా? ఆఫీసరు మండలంలోనే ఉంటాడు."

గోటి సందు బురద గీకి ఏట్లోకి విదిలించింది. "వద్దులే. ఎక్కు, పంటు కదుల్తోంది."

పది గంటలకు సఖినేటిపల్లి బస్సు. రాజోలు దాటాక పెద్ద కాలువలో పొక్లెయిను ఒకటి పూడిక ఎత్తిపోస్తోంది. మొత్తం కాలువకు ఒకడే డ్రైవరు. "చూశారా, ఊరితో పనే లేదు" అన్నాడు పక్కనున్న కొబ్బరికాయల వ్యాపారి, సంబరంగా. అది పెద్ద కాలువండి, శివారు బోదెలోకి యంత్రం దిగదు, అక్కడ మనిషే దిగాలి అని చెప్పాను. "ఎవరు దిగాలండి?" అన్నాడు. రావులపాలెం వచ్చేదాకా ఆలోచించాను. అందరూ అంటే పేటవాళ్ళు నవ్వుతారు. మామూలు అంటే నాకు సిగ్గు. ఎవరూ దిగనక్కర్లేదంటే నా మేనకోడలు కూలికి పోతుంది. ఆయన రావులపాలెంలో దిగిపోయాడు.

రెండు గంటలకు రాజమండ్రి బస్టాండులో లేవబోతే నడుము పట్టేసింది. కండక్టరు చెయ్యందించాడు. ఆ కాలువల మీద ముప్పై నాలుగేళ్ళు బతికాను గానీ, వాటిలో పార వేసింది ఆ ఉదయం ఒక్క గంటే.