వైరాగ్యం అనుకున్నాం

అడగకుండా ఊపిరిని ఇచ్చి, చెప్పకుండా తీసుకునే శ్రీమన్నారాయణునికి ముందుగా నమస్కారం. మన తెలివి మనది కాదు, ఆయన అరువిచ్చినది.

మా వారు స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక ఈ హిందీ ఊళ్లోనే, స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. ప్రతి ఏకాదశికీ మా హాల్లోనే తెలుగువాళ్ల సత్సంగం. ఆయన కోపిష్ఠి. సహస్రనామాల్లో ఒక్క నామం తప్పుగా పలికితే ఎంతటి పెద్దవాళ్లనైనా ఆపేసేవారు.

కిందటేడు ఆ కోపం పోయింది. సొంత చెల్లెలు పోయిందని విజయనగరం నుంచి ఫోనొస్తే "అలాగా" అని, తింటున్న లడ్డూ పూర్తి చేశారు. పక్కవాళ్ల దొన్నెలోంచి ప్రసాదం తీసుకుని తినేవారు.

నేను అన్నయ్యా అని పిలిచే సత్సంగం పెద్దాయన ఇవన్నీ చూసి కళ్లు తుడుచుకున్నారు. "మనకి ఎన్ని జన్మలెత్తినా రాదమ్మా ఈ స్థితి. నాది, పరాయిది అన్న భేదం పోనాది సూడు." వచ్చే ఏకాదశికి ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి పాదపూజ చేద్దామన్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ వారంలోనే నేను బాత్రూములో జారిపడ్డాను. చెయ్యి విరిగింది. లేవలేక పిలుస్తుంటే, ఆయన నన్ను దాటుకెళ్లి చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. దేవుడికి దగ్గరైనవాడికి కరుణ పెరగాలని కదా పెద్దలు చెప్పారు. పాదపూజకి ముందే ఆయన్ని పక్క ఊరు దుర్గ్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడి మెదడు డాక్టరమ్మ ఇక్కడే పుట్టిన మన పిల్ల. తెలుగు తడబడుతుంది. ఆయన్ని నామాలు చదవమంది. ఒక్క తప్పు లేకుండా చదివారు.

"ఈమె ఎవరు అంకుల్?"

"నా భార్య."

"చెయ్యికి ఏమైంది?"

"విరిగింది. టీ ఇస్తారా?"

స్కాన్ చూశాక ఆ అమ్మాయి నా పక్కకొచ్చి కూర్చుంది. "ఆంటీ, చదివింది పోలేదు. మెదడులో ముందు భాగం అరుగుతోంది. పరాయివాళ్ల దర్ద్... నొప్పి మనకి తెలిసేది అక్కడే. దీనికి దవాయి, మందు లేదు."

"మరి ఆ శాంతం?"

"అదీ జబ్బే ఆంటీ."

తర్వాత నన్నొక సాయం అడిగింది. ఇలాంటివాళ్లని కొన్ని ఇళ్లలో పిచ్చివాళ్లంటారు, కొన్ని ఇళ్లలో బాబాలంటారు, డాక్టరు దాకా ఎవరూ తీసుకురారట. తను ఇప్పుడిప్పుడే వాళ్లని వెతికి, ఏ గుణం ముందు పోతుందో, ఏది చివరిదాకా ఉంటుందో గమనిస్తోందట. ఆయన్ని అప్పుడప్పుడూ తీసుకొస్తారా? ఆయనకి లాభం ఉండదు. ముందుముందు ఎవరికైనా ఉండొచ్చు. సరే అన్నాను.

ఏకాదశినాడు పీట వేసి ఉంది. అందరి ముందూ జబ్బని చెప్పి, పీట తీసేశాను.

"ఏటి చెల్లెమ్మా, దేవుడిచ్చిందాన్ని డాక్టరికి అప్పజెప్తావేటి?" అన్నారు అన్నయ్య.

"స్కాన్‌లో దేవుడు కనబడతాడేటి?" అంది వెనకనుంచి ఒకావిడ. కొందరు నన్ను చూసి నవ్వారు. అన్నయ్య మళ్లీ మా గడప తొక్కలేదు, ఆయన వెంటే సత్సంగమూ పోయింది.

ఇప్పుడు మేమిద్దరమే చదువుకుంటాం. ఆయన గొంతు గణగణలాడుతుంది. ఆ గొంతులో భక్తి ఉందో, అలవాటే ఉందో నాకు తెలియదు. డాక్టరమ్మకీ తెలియదు, అడిగాను. తెలిసినవాడు ఒక్కడే.

ఇది చదువుతున్న మీరూ నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి. ఆ పిల్ల వెతుకుతున్నది ఆమెకు దొరకాలని, ఈయన చదివే ప్రతి నామమూ స్వామికి చేరాలని వేడుకుందాం.