పరస్థానం పెట్టిన బ్యాగు

బ్యాగు సర్దడం, మళ్లీ విప్పడం నాకు ఎండాకాలపు పని అయిపోయింది. బడి స్నేహితురాళ్లు ఇద్దరితో రెండు రోజులు మాకు పడమటనున్న ఏలగిరి కొండకు పోయి రావాలని నా ఆశ. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నాకోసం నేను అడిగింది అదొక్కటే. మొదటి ఏడు "ఎండ దంచేస్తోంది" అన్నాడు మా ఆయన. రెండో ఏడు "మబ్బు పట్టింది" అన్నాడు. మిరపకాయల బేరం ఉంటే మాత్రం తుపానులోనైనా గుంటూరు పోతాడు! చీరలు తిరిగి బీరువాలో పెడుతుంటే రెండుసార్లూ ఒళ్లు మండిపోయింది.

ఈ ఏడు ఏప్రిల్ మరీ విడ్డూరం. పొద్దున మేడ మీద కాలు పెట్టలేం, సాయంత్రానికి ఉరుములు. నూలు చీరలు, శాలువా రెండూ కుక్కేశాను. శుక్రవారం మధ్యాహ్నం రైలు. బుధవారంనాడు మా అత్త దగ్గర చేరి ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అత్తా, శుక్రవారం పడమటికి శూల గదా. పరస్థానం పెట్టొద్దా?"

అత్త మొహం వెలిగిపోయింది. బయల్దేరే రోజు ఆ దిక్కుకు మంచిది కాకపోతే, ముందురోజే మంచి గడియ చూసి సామాను వేరే ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. మనిషి ఊరికి పోయి రాకుండా ఆ సామాను మళ్లీ ఇంట్లోకి రాకూడదు. జార్జి టౌన్‌లో మా సందులోని పాతవాళ్లు ఇప్పటికీ ఇది తప్పరు. నాకు శూల మీద నమ్మకం లేదు. మా ఆయనకు వాళ్లమ్మ మాట మీద ఉంది. నాకది చాలు.

గురువారం అత్తే పంచాంగం చూసి, నా బ్యాగు తన చేత్తో ఎదురింట్లో పెట్టి వచ్చింది.

శుక్రవారం తెల్లారేసరికి కుండపోత. సందంతా నీళ్లు. మా ఆయన ఫోన్లో వాతావరణం చూసుకుంటూ హుషారుగా వంటింట్లోకి వచ్చాడు.

"ఈ వానలో కొండకెట్ట పోతావే? పోయి ఆ బ్యాగు తెచ్చేయ్. వచ్చే ఏడు చూద్దాం."

"నాదేముంది, తెస్తా. ఏం అత్తా, తెచ్చేదా?" అన్నాను.

అత్త బీన్సు తరగడం ఆపి నా మొహంలోకి చూసింది. నా ఎత్తు ఆమెకు తెలిసిపోయింది. అయినా నేను చూపు దించలేదు.

"రేయ్, పరస్థానం పెట్టింది ఉత్తినే ఎనక్కి వస్తాదా? ఇంటికి మంచిది గాదు. పోనీ ఆమెని."

"మరి వానమ్మా?"

"తడిస్తే ఆరతాది లే."

నేను చీర చీలమండల పైకి ఎత్తి కట్టి, గొడుగు తీసుకుని నీళ్లలో దిగాను. వాన తగ్గలేదు. ఎదురింటి మెట్లెక్కి బ్యాగు భుజాన వేసుకున్నాను. అప్పుడు మా గుమ్మంలోంచి అత్త కేకేసింది.

"మే, వచ్చే ఏడు నా బ్యాగు గూడా ఆడే పెట్టు!"