మర గోడకు ఆనించిన కంప్యూటరు

దుర్గాదేవికి ఆ సలహా ఇచ్చింది నేనే. రేపు ఎవరో చెబితే మీరు వినేకంటే ముందుగా నేనే ఒప్పుకోవడం మర్యాద.

చోడవరంలో నాది పిండిమర. పక్క గదిలో దుర్గాదేవి డీటీపీ సెంటరు. రెంటికీ మధ్య ఒకటే గోడ, అదీ ఒంటి ఇటుక గోడ. ఆవిడ పదేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. పిల్లలు టైపుకు రావడం తగ్గాక మిషన్లు అమ్మేసి, పాత కంప్యూటరొకటి కొని, పెళ్ళి శుభలేఖలూ కరపత్రాలూ చేసిపెట్టేది. పని మీద కూర్చుంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తదు. అక్షరం తప్పు పోతే మాత్రం తనను తానే తిట్టుకునేది. ఆ తిట్లు గోడ ఇవతల నాకు వినిపించేవి.

తొంభై ఎనిమిది జనవరిలో బంగార్రాజు ఆవిడ దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. రావికమతం దగ్గర పల్లె ఆయనది. తప్పెటగుళ్ళ గురువు. పశువులు కాసేవాళ్ళ ఆటపాట అది. రొమ్ముకు తప్పెట కట్టుకుని గెంతుతూ పాడితే ఊరు ఊరంతా తెల్లవార్లూ కదలకుండా కూర్చునేదట. చదువు రాదు. అరవై నాలుగు పాటలు నోటికొచ్చు. అందులో కొన్ని గంటలకొద్దీ సాగే కథలు. ఆయన గుంపులో మిగిలినవాళ్ళకు వంత పలకడమే తప్ప ఆ పెద్ద కథలు రావు. గొంతులో పుండు లేచిందని డాక్టరు చెప్పాక, పాటలు పుస్తకంగా వేయించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. నాలుగు నెలలు రోజూ బస్సెక్కి వచ్చి చెప్పాడు, ఈవిడ టైపు చేసింది. మే నెలలో వైజాగ్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది.

ఇక ఆ పాటలు ఉన్నది ఒక్క ఆ కంప్యూటరులోనే. ఫ్లాపీల్లోకి తీసి పెట్టుకుందామంటే ఫ్లాపీ డ్రైవు ఎప్పుడో పాడైంది. కాగితం మీదికీ తీయలేదు, తప్పులన్నీ దిద్దాక మంచి ప్రింటు ఒకేసారి తీద్దామనుకుంది.

జూలైలో వైజాగ్ నుంచి సంతోష్‌కుమార్ అనే మెకానిక్ వచ్చి కంప్యూటరు లోపలి సరుకంతా మార్చాడు. కొత్త బోర్డు, కొత్త మెమరీ, కొత్త ఫ్లాపీ డ్రైవు. హార్డ్‌డిస్కు ఒక్కటే పాతది ఉంచాడు. కొబ్బరికాయ కొట్టి ప్రసాదం నా చేతిలో పెట్టింది దుర్గాదేవి. ఊరికే తిని రావచ్చు కదా, లేదు.

"కొత్త మిషనమ్మా! తూరుపు ముకంగా కూకుని పని సేసుకుంటే కలిసొస్తాది. ఆ బల్ల ఇటు తిప్పేయ్," అన్నాను.

పెద్దవాణ్ణని మన్నించి తిప్పింది. తూర్పున ఉన్నది మా మర గోడ.

మూడో రోజు నుంచి మొదలైంది. డిస్కులోంచి గోటితో రేకు మీద కొట్టినట్టు టక్ టక్‌మని చప్పుడు. తెర మీద ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోయేది. పాట ఒకటి ఫ్లాపీలోకి తీయబోతే సగంలో ఆగిపోయేది. ఉన్నదీ పోతుందేమోనన్న భయంతో, మిషను బాగయ్యేదాకా ఇక ఆ పాటల జోలికి పోలేదు ఆవిడ. సంతోష్‌కుమార్ వచ్చి కేబుల్ మార్చాడు, పోలేదు. కరెంటు పెట్టె మార్చాడు, పోలేదు. చివరికి మొత్తం మిషన్ని వైజాగ్ పట్టుకుపోయి తిరిగి తెచ్చాడు.

"రెండ్రోజులు ఆపకుండా ఆడించేను మేడమ్. డిస్కుకి ఏటీ లేదు," అన్నాడు.

ఆ రెండు రోజుల్లో ఒక్క కాపీ తీసి పెట్టాలని ఆ మహానుభావుడికీ తోచలేదు, తీయమనాలని ఈవిడకూ తోచలేదు. చోడవరంలో బల్ల మీద పెట్టిన గంటకే మళ్ళీ టక్ టక్. ఈసారి వోల్టేజి అన్నాడు, స్టెబిలైజరు తగిలించాడు. అదీ అయింది. ఆ మిషనుకు మారినవి రెండు, లోపలి భాగాలూ కూర్చున్న చోటూ. అందరం భాగాలనే అనుమానించాం.

బంగార్రాజు వారానికోసారి వచ్చేవాడు. మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని స్టూలు మీద కూర్చుని తెరకేసి చూసేవాడు. "ఉన్నాయి గురువుగారూ, అన్నీ ఉన్నాయి," అనేది దుర్గాదేవి. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఆయన మొహం చూసేది కాదు.

వినాయక చవితి ముందు రోజు. ఆ రోజుల్లో మరకు కావలసిన త్రీఫేజు కరెంటు పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకానే ఇచ్చేవారు. ఉండ్రాళ్ళ పిండికని ఆడవాళ్ళు గిన్నెలతో వీధి దాకా వరసగా ఉన్నారు. దుర్గాదేవి చేతిలో నోటుపుస్తకంతో దూసుకొచ్చింది. డిస్కు కొట్టుకున్న వేళలన్నీ అందులో రాసుకుంది. ఒక్కటీ తొమ్మిదికి ముందు లేదు, ఒక్కటీ ఒంటిగంట తర్వాత లేదు.

"బాబాయ్, ఒక్క నిమిషం మర ఆపండి."

"ఏటమ్మా, సవితి ముందు రోజు! ఈ లైను సూసేవా?"

"మీ కాళ్ళట్టుకుంటాను, ఆపండి!"

ఆపాను. లోపలికి పరిగెత్తి, మళ్ళీ వచ్చి వేయమంది. వేశాను. మళ్ళీ ఆపమంది. మూడుసార్లు ఆపి మూడుసార్లు వేశాక నేనూ వెళ్ళి చూశాను. మర ఆగితే డిస్కు నోరు మూసుకుంటోంది. ఆడితే టక్ టక్. గోడ మీద అరచెయ్యి ఆనించాను. ముప్పై ఏళ్ళుగా అటువైపు బతుకుతున్నాను, ఇటువైపు ఆ గోడ అంతలా వణుకుతుందని నాకు తెలియదు. సిగ్గుతో చచ్చాను.

ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి సంతోష్‌కుమార్‌కు ఫోను చేసింది. నెలన్నర అదురుకు డిస్కు లోపల గీతలు పడిపోయి ఉంటాయని చెప్పాడట. "మిషను ఆపకండి, బల్ల కదపకండి. ఒకసారి ఆగితే మళ్ళీ తిరగకపోవచ్చు. ఉన్నపళంగా ఒక్కో పాటా ఫ్లాపీలోకి లాగండి. మర మాత్రం ఆడకూడదు." అప్పటికి టైము పదకొండూ ఇరవై. ఒంటిగంటకు ఫేజు మార్చేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంది. ఆ క్షణం చాలు, మిషను ఆగిపోవడానికి.

మర ఆపేశానని చెప్పగానే వరసలో గొడవ లేచింది. ముందున్న గున్నమ్మ చేయి తిప్పింది.

"ఒంటిగంట దాటితే నీ మర ఎలాగా ఆడదు. రేపు ఇనాయకుడికి ఉండ్రాళ్ళు నువ్వెడతావేటి?"

"ఎడతానే! నీ బియ్యం నేనే రోట్లో దంచి నీ ఇంటికి తెచ్చిస్తాను, ఎల్లు!"

బేరం చేసుకునే నోటితో అంతకుముందు ఎప్పుడూ ఎవరినీ అలా అనలేదు.

బంగార్రాజు ఆ రోజు వచ్చి ఉన్నాడు. ఫ్లాపీ డ్రైవు దీపం వెలిగి ఆరిన ప్రతిసారీ వేలి కణుపు మీద లెక్క పెట్టుకున్నాడు. ఒక పాట ఇట్టే వచ్చేది. ఇంకో పాటకు డిస్కు తడుముకుని తడుముకుని, ఇక అయిపోయింది అనుకున్నాక వచ్చేది. దుర్గాదేవి నుదుటి చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. పన్నెండున్నరకు యాభై రెండు. ఒంటిగంటకు పది నిమిషాలుందనగా అరవై ఒకటి.

అరవై రెండోది కదల్లేదు. మర ఆడడం లేదు, వీధిలో అలికిడి లేదు, డిస్కు మాత్రం టక్ టక్‌మంటూనే ఉంది. "రా తల్లీ, రా," అంటోంది దుర్గాదేవి. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. ఫ్యాను మళ్ళీ తిరిగింది గానీ డిస్కు తిరగలేదు.

మూడు పాటలు పోయాయి. మూడూ పెద్ద కథలే. దుర్గాదేవి కుర్చీలోనే కూలబడి ఏడ్చేసింది. "నా వల్లే" అన్నాను నేను.

బంగార్రాజు స్టూలు జరుపుకుని ఆవిడకెదురుగా కూర్చుని పెదాలు కదపడం మొదలుపెట్టాడు.

అప్పుడు చెప్పింది దుర్గాదేవి. నాలుగు నెలలూ ఆయన పాటలు చెప్పింది నా మర ఆడే వేళల్లోనేనట. మోతలో చెవి పనిచేయక, పెదాలు చూసి టైపు చేయడం అలవాటైపోయిందట. సంతోష్‌కుమార్ కొత్త డిస్కు బిగించాడు. బల్లను పడమటి గోడకు మార్చాను, నేనే మోసి. ఆయన పెదాలు కదపడం, ఈవిడ టైపు చేసి పైకి చదవడం, ఆయన అవుననో కాదనో తల ఊపడం. ఏ రోజు పేజీ ఆ రోజే ప్రింటు తీసేది. చిక్కల్లా పకారం, బకారం, మకారాలతోనే. గొంతు లేకపోతే మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి.

మూడు కథలకు నెల పట్టింది. చిట్టచివరి చరణంలో ఒక మాట దగ్గర ఆగిపోయారు.

"పాటా?" అడ్డంగా ఊపాడు. "బాటా?" కాదు. "మాటా?" కాదు. చేతులతో ఏదో చూపించాడు, మెడ దగ్గర ఏదో కడుతున్నట్టు. ఆవిడకు తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆవులు కాసేవాళ్ళ పాత మాట ఏదో అయి ఉంటుంది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు ఆవిడ మళ్ళీ అడిగింది.

"మాటేనా గురువుగారూ?"

ఆయన ఆవిడ మొహం కేసి చాలాసేపు చూసి, అవునని తల ఊపాడు.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు దుర్గాదేవి ఒక ప్రతి నాకిచ్చి చివరి పేజీ తీసి చూపించింది. "ఇది మాట కాదు బాబాయ్. నా మీద జాలేసి తలూపేరు," అంది.

బంగార్రాజు ఆ ఏడాదే పోయాడు. పుస్తకంలో ఆ చోట ఇప్పటికీ 'మాట' అనే ఉంది.